అలల ఎత్తు ఒక్కటే వేస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

మీ విశాఖ ఎడిషన్‌లో వాతావరణం బాక్సు కింద "సముద్రంలో అలలు 1.5 మీటర్ల ఎత్తున ఎగసిపడే అవకాశం ఉంది" అని తరచూ వేస్తుంటారు. ఆ అంకె తప్పని మేము అనడం లేదు. కానీ అది శుభలేఖ మీద తేదీ వేసి, ముహూర్తమూ ఊరూ వదిలేసినట్టుంది. రుషికొండలో సర్ఫింగ్ బోర్డు వేసుకుని దిగేవాడికి గానీ, పెద జాలారిపేటలో తెప్ప తోసేవాడికి గానీ, ఆదివారం పిల్లల్ని తీసుకుని ఆర్కే బీచ్‌కి వచ్చే కుటుంబానికి గానీ ఆ ఒక్క అంకెతో ఏమీ తేలదు. ఎత్తు పక్కన పీరియడ్ (ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య వ్యవధి) ఎన్ని సెకన్లో, అలలు ఏ దిక్కు నుంచి వస్తున్నాయో కూడా వేయమని అడగడానికే ఈ ఉత్తరం. ఎందుకో వివరంగా రాస్తున్నాం, నిడివి ఎక్కువైతే మన్నించండి.

ముందు ఆ మీటర్ల సంగతి. 1.5 మీటర్లంటే ప్రతి అలా మీటరున్నర ఉంటుందని కాదు. అన్నిటికన్నా పెద్ద అల అంత ఉంటుందనీ కాదు. అరగంటలో వచ్చిన అలలన్నిటినీ ఎత్తును బట్టి వరుసగా పేర్చి, పై మూడో వంతును విడిగా తీసి సగటు కడితే వచ్చే అంకె అది. సముద్రం తెలిసినవాడు కంటితో చూసి "ఇవాళ ఇంతుంది" అని చెప్పే ఎత్తుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఈ లెక్క వాడుకలో నిలిచింది. అలలన్నిటి సగటు తీస్తే అందులో 63 శాతమే వస్తుంది. సుమారుగా ప్రతి ఏడు అలల్లో ఒకటి ఆ అంకెను మించుతుంది. వెయ్యి అలలకు ఒకటి దానికి 1.86 రెట్లుంటుంది. అంటే మీరు 1.5 అని వేసిన రోజున 2.8 మీటర్ల అల కూడా ఒకటి రావాల్సిందే. ఎనిమిది సెకన్లకో అల చొప్పున వెయ్యి అలలంటే రెండుంబావు గంటలు కూడా పట్టదు. పొద్దున ఆరింటికి నీళ్లలో దిగినవాడు టిఫిన్ వేళకి బయటికొచ్చేలోగా అలాంటి అల ఒకటి మీద పడొచ్చు.

పైగా అది లోపల, లోతు నీళ్లలో ఉండే ఎత్తు. ఒడ్డుకొచ్చేసరికి ఎంతవుతుందో చెప్పాలంటే పీరియడ్ కావాలి. ఒక శిఖరం దాటాక తర్వాతి శిఖరం రావడానికి పట్టే సెకన్లే పీరియడ్. లోతు నీళ్లలో ఆ సెకన్లను వాటితోనే హెచ్చించి 1.56తో గుణిస్తే అల పొడవు మీటర్లలో వస్తుంది. ఆరు సెకన్ల అల పొడవు 56 మీటర్లు, పద్నాలుగు సెకన్ల అల పొడవు 306 మీటర్లు. తన పొడవులో సగం లోతు దగ్గర అలకు అడుగు తగలడం మొదలవుతుంది. కాబట్టి ఆరు సెకన్ల అల 28 మీటర్ల లోతు దాకా అడుగు సంగతే ఎరగదు, పద్నాలుగు సెకన్లది 150 మీటర్ల లోతు నుంచే నేలను తడుముకుంటూ వస్తుంది. అడుగు తగిలాక అల వేగం తగ్గుతుంది, వెనకది ముందుదాని మీదికి ఒత్తుకొస్తుంది, అల పొట్టిబడి ఎత్తు పెరుగుతుంది. లోపల రెండూ మీటరు ఎత్తే ఉన్నాయనుకుందాం. ఏటవాలు ఒడ్డుకు నేరుగా వచ్చి విరిగేటప్పుడు ఆరు సెకన్లది మీటరుంబావు ఉంటుంది, పద్నాలుగు సెకన్లది 1.8 మీటర్లకు లేస్తుంది. మోసుకొచ్చే శక్తి ఎత్తు వర్గాన్ని బట్టీ, పీరియడ్‌ను బట్టీ ఉంటుంది గనక రెండోదానిలో బలం రెండు రెట్ల పైమాటే. మీ బాక్సులో మాత్రం రెండు రోజులకూ ఒకటే వాక్యం పడుతుంది: "అలలు ఒక మీటరు".

ఇంకో చిక్కుంది. విశాఖ ముందున్న సముద్రంలో ఏ రోజూ ఒకే రకం అల ఉండదు. ఇక్కడి గాలికి ఇక్కడే లేచే పొట్టి కెరటం ఒకటి, ఎక్కడో తుపాను గాలికి పుట్టి దూరం నడిచి వచ్చే స్వెల్ ఇంకొకటి. కొన్నాళ్లు మూడోది కూడా ఉంటుంది. సూచనలో ఇచ్చే మొత్తం ఎత్తు వీటిని కూడితే వచ్చేది కాదు. వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. స్వెల్ 1.2 మీటర్లు, గాలి కెరటం 0.9 మీటర్లయితే మొత్తం 2.1 కాదు, 1.5. దీన్నే తిప్పి చూస్తే, మొత్తం 1.5 అని కనబడిన రోజున అందులో స్వెల్ 1.2 ఉండొచ్చు, 0.3 కూడా ఉండొచ్చు. మొదటి రోజున రుషికొండలో పొడుగాటి గీతల్లా అలలు వరుస కట్టి వస్తాయి. రెండో రోజున నీళ్లు కవ్వం పెట్టి చిలికినట్టు ఉంటాయి.

స్వెల్ ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే దిక్కు ఎందుకు అడుగుతున్నామో అర్థమవుతుంది. మన ఒడ్డు నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతూ ఆగ్నేయం వైపు చూస్తుంది. మనకు వచ్చే పెద్ద పీరియడ్ అలలు చాలావరకు బంగాళాఖాతంలో పుట్టినవి కావు. భూమధ్యరేఖకు అవతల, దక్షిణ అక్షాంశం 40 డిగ్రీలకు దిగువన వీచే పడమటి గాలుల్లో పుడతాయి. 45 డిగ్రీల దగ్గర పుట్టిన అల విశాఖ చేరాలంటే సుమారు 7000 కిలోమీటర్లు నడవాలి. అలల గుంపు వేగం ఎన్ని నాట్లో (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) కావాలంటే పీరియడ్‌ను ఒకటిన్నరతో గుణిస్తే చాలు. పద్దెనిమిది సెకన్లవి 27 నాట్లు, అంటే గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఐదున్నర నుంచి ఆరు రోజుల్లో వస్తాయి. పద్నాలుగు సెకన్లవి ఏడు రోజులు దాటాక చేరతాయి. మొదటివి వచ్చిన నలభై గంటలకు గానీ రెండోవి రావు. తుపాను 3500 కిలోమీటర్ల దూరంలోనే ఉంటే ఆ తేడా ఇరవై గంటలే. అందుకే బోయా (సముద్రంలో తేలుతూ అలల్ని కొలిచే పరికరం) అంకెల్లో పీరియడ్ 18 నుంచి 14కి ఎన్ని గంటల్లో దిగిందో చూసి, ఆ అలలు ఎంత దూరం నుంచి వచ్చాయో ఇంట్లో కూర్చుని లెక్క కట్టొచ్చు.

దక్షిణం నుంచి వచ్చేవన్నీ మనకు చేరవు. విశాఖ నుంచి శ్రీలంక తూర్పు కొసకు గీత గీస్తే అది 187 డిగ్రీల దగ్గర పడుతుంది (ఉత్తరం సున్నా, తూర్పు 90, దక్షిణం 180). అంతకన్నా పడమటగా వచ్చే దూరపు స్వెల్‌కు ఆ దీవి అడ్డం. ఫోన్ యాప్‌లో ఎక్కడో నడిసముద్రం మీద వేలు పెట్టి 200 డిగ్రీలు, 16 సెకన్లు, 2 మీటర్లు అని చూసి సంబరపడి రుషికొండ వెళ్తే అక్కడ మోకాలెత్తు అల ఉంటుంది. 165 నుంచి 185 మధ్య అయితే మనకు దారి తెరిచే ఉన్నట్టు. తూర్పు వైపు దారి చిన్నది, పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) సుమారు 1200 కిలోమీటర్లే. అందుచేత అక్టోబరు, నవంబరుల్లో 110, 130 డిగ్రీల నుంచి పన్నెండు సెకన్ల అలలు వస్తున్నాయంటే బంగాళాఖాతంలోనే ఏదో తిరుగుతోందని అర్థం. పన్నెండు సెకన్ల గుంపు రోజుకు 800 కిలోమీటర్లు నడుస్తుంది. గంటకు పదిహేను కిలోమీటర్ల చొప్పున కదిలే తుపాను కన్నా అది ముందే వచ్చి తలుపు తడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మీదికొచ్చిన ఊరికి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

దిక్కు చదవడంలో ఒక పొరపాటు పదే పదే జరుగుతుంది. అంకెల్లో ఇచ్చే డిగ్రీలు అల ఎక్కడి నుంచి వస్తోందో చెబుతాయి, గాలి పేరు లాగే. మ్యాపుల మీద బాణాలేమో అది ఎటు పోతోందో చూపిస్తాయి. 180 అని అంకె ఉంటే బాణం పైకి, ఉత్తరానికి ఉంటుంది. ఈ రెంటినీ కలగలిపి చూసిన మనిషి "ఉత్తరం నుంచి అలలొస్తున్నాయి" అని నలుగురికీ చెప్పేస్తాడు.

ఇక బోయాలు. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (సముద్రం లేని ఊళ్లో సముద్రం ఆఫీసు, అది వేరే సంగతి) దేశం చుట్టూ ఒడ్డుకు దగ్గరలో వేవ్ రైడర్ బోయాలు నడుపుతోంది. వాటిలో ఒకటి మన విశాఖ ముందుంది. నడిసముద్రంలో ఉండే పెద్ద బోయాలు చెన్నైలోని ఎన్‌ఐఓటీవి (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవి), బంగాళాఖాతంలో వాటి పేర్లు బీడీతో మొదలవుతాయి. గాలి, వాతావరణ పీడనం లాంటివి ఆ పెద్దవి చెబుతాయి. అల సంగతికి మనకు అక్కరకొచ్చేది దగ్గరి బోయా.

వేవ్ రైడర్ అంటే మీటరు లోపు అడ్డుకొలత ఉన్న పసుపుపచ్చ ఉక్కు గోళం. పైన యాంటెనా, మెరిసే దీపం. కింద గొలుసు, దానికి సాగే రబ్బరు తాడు, ఆ కింద మామూలు తాడు, అడుగున లంగరు బరువు. కీలకమంతా ఆ రబ్బరు తాడులోనే ఉంది. తాడు సాగకపోతే బోయా అలతో పాటు లేవలేక శిఖరం దగ్గర నీళ్లలోకి దూరిపోతుంది, ఎత్తు తక్కువ చూపిస్తుంది. గోళం లోపలి పరికరం నీటి మట్టాన్ని కొలవదు. బోయా పైకీ కిందికీ ఎంత విసురుగా కదులుతోందో కొలిచి, దాన్ని రెండుసార్లు సమాకలనం చేసి ఎత్తు తీస్తుంది. అటూ ఇటూ ఊగే ఊపును దిక్సూచితో కలిపి దిక్కు తీస్తుంది. నత్తగుల్లలు, నాచు పట్టి బరువెక్కినా, జాలరి వల చిక్కుకున్నా, ఎవరైనా బోటు తెచ్చి దానికి కట్టినా అంకెలు పాడవుతాయి. తాడు తెగితే బోయా కొట్టుకుపోతూ కూడా అంకెలు పంపుతూనే ఉంటుంది! పక్కన వచ్చే అక్షాంశ రేఖాంశాలు చూడనివాడికి ఆ విషయం తెలియదు.

బోయా పట్టికలో రెండు పీరియడ్‌లు కనిపిస్తాయి. ఒకటి అలలన్నిటి సగటు. రెండోది ఎక్కువ శక్తి ఏ పీరియడ్ దగ్గర ఉందో చెప్పేది, దాన్ని పీక్ పీరియడ్ అంటారు. సగటు 5, పీక్ 14 అని ఉంటే కంగారు పడక్కర్లేదు: స్వెల్ మీద గాలి కెరటం కూర్చుందని అర్థం. రెంటి బలం ఇంచుమించు సమానమైతే పీక్ అరగంటకో తీరుగా 14, 6, 14, 5 అని గెంతుతుంది. యంత్రం చెడిపోలేదు, పోటాపోటీలో ఎవరు అర అడుగు ముందుంటే వాళ్ల పేరు రాస్తోంది, అంతే. కొత్త స్వెల్ మొదటి రోజున పద్దెనిమిది సెకన్లతో ఇరవై సెంటీమీటర్లే వస్తుంది కాబట్టి పీక్‌లో దాని పేరే ఉండదు. స్వెల్ ఎత్తు విడిగా ఇచ్చే గడిలోనే చూడాలి. ఎత్తు విషయంలోనూ తొందర పనికిరాదు. అరగంటలో ఆరు సెకన్ల అలలు మూడు వందలు దాటవు, పద్నాలుగు సెకన్లవైతే నూట ముప్పై లోపే. అంత తక్కువ అలలతో కట్టిన లెక్క 1.1, 0.9, 1.2 అంటూ ఊగుతుంది. కనీసం మూడు గంటల అంకెలు పక్కపక్కన పెట్టి చూడందే పెరుగుతోందనీ తగ్గుతోందనీ అనకూడదు.

అన్నిటికన్నా ఎక్కువ మందిని దెబ్బతీసేది గడియారం. బోయా అంకెలైనా, గాలి మోడల్ (కంప్యూటర్ కట్టిన సూచన) అయినా చాలాచోట్ల యూటీసీ (గ్రీన్‌విచ్) సమయంలో ఉంటాయి. దానికి ఐదున్నర గంటలు కలపాలి. పట్టికలో 06.00 దగ్గర ఉన్న గాలి చూసి తెల్లారి ఆరింటిది అనుకుంటే అది నిజానికి ఉదయం పదకొండున్నరది. విశాఖలో ఆ ఐదున్నర గంటల తేడా అంటే రెండు వేర్వేరు సముద్రాలు. తెల్లవారుజామున నేల చల్లబడి వాయవ్యం నుంచి, కొండల వైపు నుంచి, మూడు నాలుగు నాట్ల గాలి సముద్రం మీదికి పోతుంటుంది. అల ముఖాన్ని అది నిలబెడుతుంది, విరగడాన్ని కాస్త ఆపుతుంది, నీళ్లు గాజు పలకలా ఉంటాయి. పది, పదకొండు దాటాక సముద్రం నుంచి గాలి తిరుగుతుంది. వేసవిలో అది పన్నెండు, పదిహేను నాట్లకు పెరుగుతుంది. అల వీపు మీద తోసి లోపలే కూల్చేస్తుంది. గాలి పది నాట్లకు చేరిందని కొలవడానికి పరికరం అక్కర్లేదు, తెన్నేటి పార్కు గట్టు మీంచి చూస్తే దూరంగా అక్కడక్కడా తెల్ల నురగ చుక్కలు కనబడతాయి. నురగ ఎక్కడపడితే అక్కడ కనబడితే పదిహేను నాట్ల దాకా ఉన్నట్టు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి ఒడ్డు పొడవునా వీస్తుంది. లోపల రెండు మీటర్లు, ఏడు సెకన్లు ఉన్నా బోర్డుకు పెద్దగా పనికిరాదు, ఒడ్డు వెంబడి ఈశాన్యానికి లాక్కుపోయే ప్రవాహం మాత్రం గట్టిగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్ పొద్దుళ్లే మన ఊరికి మంచి కాలమని మా అభిప్రాయం.

మోడల్ అంకెను బీచ్ అంకెగా తీసుకోకూడదు. ప్రపంచమంతటికీ నడిచే అలల మోడల్‌లో గడి పావు డిగ్రీ ఉంటే సుమారు 27 కిలోమీటర్లన్నమాట. ఆ లెక్కకు డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, హార్బరు గట్లు ఏవీ లేనట్టే. యారాడ దక్షిణానికి తెరుచుకుని ఉంటుంది. కొండకు ఇవతల, ఆర్కే బీచ్‌లో హార్బరు వైపు కొస మీద దక్షిణ నైరుతి అలలు బాగా నలుగుతాయి. ఒకే రోజు రెండు చోట్లా తేడా కనబడితే సూచన తప్పిందనుకోవద్దు. నెల రోజులు పొద్దున్నే మీ బీచ్‌లో విరిగే ఎత్తును బోయా అంకెల పక్కన రాసుకుంటూ పోతే, ఏ దిక్కుకు మీ చోట ఎంత వస్తుందో మీకే తెలిసిపోతుంది.

పీరియడ్‌ను ఫోన్‌తో సరిచూడొచ్చు. అలలు విరిగే చోటుకు అవతల కదలని గుర్తు ఒకటి చూసుకోండి: రాయి గానీ, వలకు కట్టిన బోయా గానీ. పెద్ద అలల గుంపు వచ్చినప్పుడు మొదటి శిఖరం దగ్గర స్టాప్‌వాచ్ నొక్కి దాన్ని సున్నా అనుకోండి. పదో శిఖరం దగ్గర ఆపి పదితో భాగించండి. మొదటిదాన్ని ఒకటి అని లెక్కపెడితే పదింట ఒక వంతు తేడా వస్తుంది. విరిగిన నీళ్లలో లెక్కపెట్టకండి, ఇసుక దిబ్బ దాటాక ఒక అల రెండుగా చీలి కనబడుతుంది.

ఆటుపోట్ల సంగతి క్లుప్తంగా. అమావాస్య, పున్నములకు ఇక్కడ పోటుకూ ఆటుకూ మధ్య తేడా సుమారు 1.4 మీటర్లు, అష్టమి రోజుల్లో అర మీటరుకు అటూ ఇటూ. అల తన ఎత్తుకు 1.3 రెట్ల లోతులో విరుగుతుంది గనక ఆ తేడాకే విరిగే చోటు మారిపోతుంది. నిండు పోటులో ఒడ్డు మీదే ధబ్బున పడుతుంది, ఆటులో దూరంగా ఇసుక తిన్నె మీద విరుగుతుంది. మర్నాడు అదే పోటు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది.

సర్ఫింగ్ చేయని పాఠకులకు ఇదంతా ఎందుకంటారా? పెద్ద పీరియడ్ స్వెల్ గుంపులుగా వస్తుంది. ఐదారు పెద్ద అలలు వచ్చాక పది, పన్నెండు నిమిషాలు నీళ్లు బుద్ధిగా ఉంటాయి. ఎండ కాస్తుంటుంది, గాలి ఉండదు, జనం నడుముల్లోతు దాకా వెళ్తారు. తర్వాతి గుంపు ఒడ్డు మీదికి తోసిన నీరంతా ఇసుక తిన్నెల మధ్య సందు వెతుక్కుని ఒక్క పాయగా లోపలికి లాగుతుంది. చుట్టూ నురగ విరుగుతుంటే మధ్యలో ఆ పాయ మీద అల విరగదు, చూపుకు అదే నెమ్మదైన చోటులా ఉంటుంది, జనం అక్కడే దిగుతారు. లాగినప్పుడు ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డు పొడవునా పక్కకు ఈది నురగలోకి వచ్చేస్తే అలలే బయటికి తోస్తాయి. 2024 మే 6న కన్యాకుమారి జిల్లా లెమూర్ బీచ్‌లో ఐదుగురు వైద్య విద్యార్థులు ఇలాంటి స్వెల్ రోజునే పోయారు. ఇన్‌కాయిస్ అంతకుముందే హెచ్చరిక ఇచ్చి ఉంది. ఎత్తు అంకె ఒక్కటే చూసినవాడికి అలాంటి రోజు భయం పుట్టించదు.

మీరు సూర్యోదయం, సూర్యాస్తమయం వేసే చోటనే ఈ వరస పడుతుంది: "స్వెల్ 1.1 మీ., 14 సె., 175 డిగ్రీలు (దక్షిణం). గాలి కెరటం 0.7 మీ., 5 సె. గాలి ఉ. 6కు వాయవ్యం 4 నాట్లు, మ. 12కు దక్షిణం 13 నాట్లు. పోటు ఉ. 9.40, ఆటు మ. 3.50." ఈ అంకెలు ఊరికే నమూనాకు రాసినవి. నిజమైనవి ఇన్‌కాయిస్ రోజూ ఉచితంగానే ఇస్తోంది, సమయాన్ని మన గంటల్లోకి మార్చుకుంటే సరిపోతుంది. పీరియడ్ పన్నెండు దాటిన రోజున ఆ అంకెను లావు అక్షరాల్లో వేయండి. బోయా నుంచి అంకెలు రాని రోజున మాత్రం నిన్నటివే తిరిగి వేయవద్దు, "బోయా సమాచారం రాలేదు" అని వేయండి.

ఇట్లు,
రుషికొండ తీరంలో అలల సమాచారం గమనించే కొందరు,
విశాఖపట్నం